యాభై ఆరు నిమ్మకాయలు

నన్ను గోల్‌కీపరుగా ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే నా చూపు గురించో, చేతుల వేగం గురించో చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. నిజం ఏమిటంటే, చక్రాల బూట్లు తొడుక్కుని నేను నిలబడగలిగిన చోటు మైదానం మొత్తంలో అదొక్కటే. అక్కడ పట్టుకోవడానికి అటొకటి ఇటొకటి రెండు కంబాలుంటాయి. మిగతా జట్ల కీపర్లు బిళ్ళను ఆపడానికి నిలబడతారు. నేను పడకుండా ఉండటానికి నిలబడేవాణ్ణి. బిళ్ళ వస్తే మర్యాదగా దారి ఇచ్చేవాణ్ణి.

ఆట పేరు హాకీ. చలిదేశాల్లో గడ్డకట్టిన మంచు మీద, కత్తుల్లాంటి అంచులున్న బూట్లు వేసుకుని, నల్లటి రబ్బరు బిళ్ళను కర్రలతో తోస్తూ ఆడతారు. మదనపల్లెలో మంచు గడ్డ కనిపించేది చేపల బండి మీద ఒక్కటే. కాబట్టి మేము సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో ఆడాం. బిళ్ళ అదే, కర్రలు అవే, దెబ్బలు మాత్రం సిమెంటువి. మంచు మీద పడినవాడు కాసేపటికి లేస్తాడట. మా వాళ్ళు పడితే ముందు చర్మం వెతుక్కునేవాళ్ళు.

మా జట్టు మూడేళ్ళలో మూడు ఊళ్ళు మారింది, మూడుసార్లు పేరు మారింది. ఆ పేర్లు ఇక్కడ రాయను. ఒకటి రాస్తే మిగతా ఇద్దరు ఓనర్లకు కోపం వస్తుంది, మూడూ రాస్తే ముగ్గురికీ వస్తుంది.

అసలు జట్టు పుట్టింది ఆడటానికి కాదు, టమాటాలు మోయడానికి. నేను మార్కెట్ యార్డులో క్రేట్లు మోసేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి చేరినవాణ్ణి, యార్డులో నా సర్వీసు చాలా పెద్దది. మా మండీ యజమాని ఒకసారి బెంగళూరు పోయి, మూతపడిన ఒక స్కేటింగు హాలు సామాను అమ్ముతుంటే చూసి, చక్రాల బూట్లు ఒక గోతం నిండా కొనుక్కొచ్చాడు. యార్డు మధ్యలో గోతం కుమ్మరించి మమ్మల్నందరినీ పిలిచాడు.

"ఇవి తొడుక్కోని క్రేటు ఎత్తుకుంటే జర్రుమని పోవచ్చప్పా. లారీ లోడు అరగంటలో అయిపోతాది" అన్నాడు.

"పోయేది సరే అన్నా, నిలిచేదెట్ల?" అని అడిగాను.

"నిలిచేది ఎందుకప్పా నీకు? పని జేసేవాడు నిలవకూడదు."

ఎక్కువ మాట్లాడేవాడితోనే మొదలుపెడదామని ముందు నాకే తొడిగించారు. నెత్తిన రెండు క్రేట్లు. కింద సిమెంటు మీద పొద్దుటి నుంచి నలిగిన టమాటా గుజ్జు. ఒకడు వెనక నుంచి నెట్టాడు. లారీ దగ్గర ఆగాలి. నేను లారీని దాటాను, కాటాను దాటాను, వేలంపాట పాడుతున్న గుంపును రెండుగా చీల్చి దాటాను, సోమల నుంచి వచ్చిన ఒక రైతు పేర్చుకున్న క్రేట్ల వరసలో ఆగాను. మొత్తం వరస నా మీద కూలింది. గుజ్జులోంచి తల పైకెత్తేసరికి ఆ రైతు నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"పాట అయినాక జేసింటే బాగుండేది కదప్పా," అన్నాడు నిదానంగా. "అప్పుడు ఇవి మీ ఓనరు సరుకు."

అంతటితో క్రేట్ల మోత పథకం అయిపోయింది. బూట్లు మళ్ళీ గోతంలోకి పోయాయి. అవి అక్కడే ఎలుకల పాలు కావలసినవే, కానీ ఆ గుంపులో గుడ్డసంచీ పట్టుకుని టమాటాలు కొనడానికి వచ్చిన మా డ్రిల్లు సారు ఉన్నాడు. నేను చదివిన సర్కారు బడిలో ఆయనే ఆటల మాస్టరు. రిటైరై ఏడాది అయింది. నా ఒంటిమీది గుజ్జు చూడలేదు, నా కాళ్ళ వైపే చూశాడు.

"రేయ్, ఇవి మోతకు కాదురా. వీటితో హాకీ ఆడతారు. టీవీలో సూస్తాంటా నేను. అది మంచు మీద, ఇది నేల మీద. అంతే తేడా."

"ఇప్పుడు గుర్తొచ్చిందా సార్ ఆట? మా క్లాసుకు మీరు ఆడించింది యాడ? మీ పీరియడ్ కూడా లెక్కల సారుకే ఇస్తాంటిరి. రోజుకు రెండు పీరియడ్లు లెక్కలు పడలేకనే నేను బడి మానేసింది" అన్నాను.

ఎగతాళికే అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. తూకం వేయించుకున్న టమాటాలు కూడా మర్చిపోయి పోయాడు. సాయంత్రానికి మళ్ళీ వచ్చి మండీ యజమాని ఎదురుగా కూర్చున్నాడు. ఇంకేం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, పాటలు ముగిసి యార్డు కడిగినాక, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా నేల ఆయనదని తేలింది. జట్టులో తొలి పేరు నాది.

"నన్నెందుకు సార్? నేను నిలబడలేను కదా."

"బడిలో నీకు పీరియడ్ బాకీ ఉండానురా" అన్నాడు.

ఏడుగురం పోగయ్యాం. ఆరుగురు ఆడాలి, ఒకడు అదనం. అయిదుగురు యార్డు మోతగాళ్ళు, నేను, కురబలకోట నుంచి గొర్రెలు తోలుకొచ్చే ఒకడు. వాడే కెప్టెన్. ఆట బాగా వచ్చని కాదు, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వాడు ఈల వేస్తే ఎక్కడ ఉన్నవాడైనా తిరిగి చూస్తాడు. మేము ఎటు జారిపోతున్నా ఈలతో మళ్ళించేవాడు. "మీకన్నా నా గొర్రెలే మేలప్పా. వాటికి కర్ర ఇయ్యకున్నా వస్తాయి" అనేవాడు.

ఫోన్లో వెతికి వెతికి, కోలారు, హోసూరు, చింతామణి జట్లు కలిసి ఒక చిన్న లీగు నడుపుతున్నాయని సారు కనుక్కున్నాడు. నాలుగో జట్టు కోసం వాళ్ళూ చూస్తున్నారట. ఒకటే షరతు, అది ప్రొఫెషనల్ లీగు, ఆటగాళ్ళకు జీతం ఇవ్వాలి. మండీ యజమాని ఆలోచించి, ఆటకు ఒక్కొక్కరికి ఒక క్రేటు టమాటా అన్నాడు. మేము ఆ రోజుతో ప్రొఫెషనల్స్ అయ్యాం. టమాటా ధర ఎక్కిన వారం అదనపు ఆటగాడు కూడా తెల్లారకముందే వచ్చి బూట్లు కట్టుకునేవాడు. ధర దిగిన వారం అందరి అవ్వలకూ ఒకేసారి జ్వరం వచ్చేది.

మొదటి ఏడాది ఆటలన్నీ ఓడిపోయాం. ఎంత తేడాతో అని మా ఆవిడ కూడా అడగడం మానేసింది. ఆమె పాల డెయిరీలో నెలజీతానికి పని చేస్తుంది, లెక్కలో గట్టిది. మొదట్లో ఇంటికి రాగానే "ఈపొద్దు ఎన్ని ఇడిసిపెట్టినావు?" అనేది. తర్వాత్తర్వాత "పట్టుకున్నది ఏమన్నా ఉండాదా?" అనేది. కంబాన్ని పట్టుకున్నానని చెప్పేవాణ్ణి.

టమాటా సీజను ముదిరేసరికి యార్డులో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. మండీ యజమాని బూట్ల గోతం సారు చేతికిచ్చి దండం పెట్టాడు. రెండో ఏడు పుంగనూరు. అక్కడ ఒక కల్యాణమంటపం ఓనరు నున్నటి నేల ఇస్తానన్నాడు. బనియన్ల ముందు మండీ పేరుంటే వెనక మంటపం పేరు, కింద చిన్న అక్షరాలతో 'ఏసీ గదులు కలవు' అని అచ్చు వేయించాడు. మేము ఎక్కువగా కనబడేది వెనక నుంచేనని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు.

నేల బాగుంది. ముహూర్తాలే బాగా లేవు. ఆదివారం ముహూర్తం ఉంటే ఆట లేదు, ఆట ఉన్న ఆదివారం ఎవరో ఒకరు ఎక్కువ ధర ఇచ్చి నిశ్చితార్థం పెట్టుకుంటారు. కోలారు వాళ్ళతో ఆట సగంలో ఉండగా ఒక పెళ్ళివారు సామాను దించారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామని పక్కన కూర్చున్నాం. ఇంతలో వంటవాడు వచ్చి, "మగపెళ్ళివారా? లెయ్యండి లెయ్యండి, ఆకులు ఏసినాం" అన్నాడు. ఒకే రకం బనియన్లలో ఉన్నాం కాబట్టి మగపెళ్ళివారి మేళమనుకున్నాడో ఏమో. కాదని చెప్పడానికి సారు నోరు తెరిచేలోపు మా కెప్టెన్ చేతులు కడుక్కున్నాడు. లడ్డు, వడ, పాయసం, రెండో వడ. తర్వాత మిగిలిన సగం ఆట ఆడాం. ఆ సగంలో నేను కంబాన్ని పట్టుకోలేదు, కంబమే నన్ను పట్టుకుంది. కోలారు వాళ్ళు పెళ్ళిభోజనం చేయలేదు. ఎన్ని వేశారో ఇప్పుడు వద్దు.

రెండో ఏడూ అట్టడుగే. నేల మీద చక్రాల గీతలు పడ్డాయని మంటపం ఓనరు మమ్మల్ని బయటికి పంపాడు. సరిగ్గా అప్పుడే లీగు వాళ్ళు ఫోన్ చేశారు. వరసగా మూడో ఏడు కూడా చివరన ఉంటే జట్టును తీసేస్తామని, తీసేసిన జట్టును మళ్ళీ చేర్చుకోబోమని.

సారు ఆ మాట నాకు చెప్పింది పుంగనూరు బస్టాండులో, గోతం మీద కూర్చుని.

"పోతే పోనీలెండి సార్. మోకాళ్ళన్నా మిగుల్తాయి" అన్నాను.

"నీకు తెలీదురా. ముప్పై ఏండ్లు జేసినా సర్వీసు. మన బడికి గ్రౌండు లేదు. వరండాలో నిలబెట్టి అటెన్షన్, స్టాండెటీజ్ చెప్పేది. అదైనా సాంతంగా చెప్పనిచ్చినారా? లెక్కల సారు వస్తాడు, సిలబస్ అయిపోలా, నీ పీరియడ్ ఇయ్యప్పా అంటాడు. ఇచ్చేసేది. ఒక్క జట్టునన్నా బస్సెక్కించి వేరే ఊరికి తీసుకోనిపోయి ఆడించింది లేదు. ఇదొక్కటే నాకు దక్కిన పీరియడ్. ఇది ఎవురికీ ఇయ్యను."

గోతం ఒక వైపు నేను పట్టుకున్నాను, ఒక వైపు ఆయన.

మూడో ఏడు కుప్పం. అక్కడ గ్రానైటు కోసి మెరుగు పెట్టే ఫ్యాక్టరీ ఓనరు, లోడింగు షెడ్డు నిండా మిగిలిపోయిన నల్లరాతి పలకలు పరిచి ఉంచాడు. సారు వంగి అందులో తన ముఖం చూసుకున్నాడు. "మంచు లేకపోతే ఏమిరా, ఇది మంచు కన్నా నున్నగా ఉండాది" అన్నాడు. నేను నిలబడగానే నా నీడ నా కంటే ముందు జారింది. అక్కడ మేము ఆటకు ముందురోజే చేరి ఫ్యాక్టరీ షెడ్డులో పడుకునేవాళ్ళం. సారు మాత్రం మదనపల్లె నుంచి పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేవాడు, జేబులో ఈల, చేతిలో నూనె డబ్బా. ఆటకు ముందు ప్రతి చక్రానికీ ఆయనే నూనె వేసేవాడు.

ఆ ఏడు మాకు ఒక గెలుపు దక్కింది. చింతామణి వాళ్ళ వ్యాను దారిలో చెడిపోయి ముగ్గురే వచ్చారు. ఆ ముగ్గురితో కిందా మీదా పడి ఒక గోలు తేడాతో గెలిచాం. దాంతో చివరి ఆటకు వచ్చేసరికి లెక్క సులువైపోయింది. మేమూ చింతామణీ సమానం. వాళ్ళ ఆటలు అయిపోయాయి. మాకు హోసూరుతో ఒకటి మిగిలింది. ఓడకుండా ఉంటే చాలు, చింతామణి అట్టడుగు. ఓడితే గోలు లెక్కల్లో మేమే అట్టడుగు, సారు పీరియడ్ అయిపోతుంది. హోసూరు ఆ ఏడు ఎవరి చేతిలోనూ ఓడలేదు.

ఆట విజయదశమి పొద్దున. అంటే ముందురోజు ఆయుధపూజ. కుప్పంలో ఆ పండగ ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను, క్రేను, లారీ, ఓనరు కారు, మోటారు, కొలిచే టేపు, ఆఖరికి సుత్తి కూడా కడిగించుకుని బొట్టు పెట్టించుకుని కూర్చున్నాయి. మూలన మా గోతం ఒక్కటే బొట్టు లేకుండా ఉంది. ఇక్కడి నుంచి జరిగిందంతా నా నోటి పుణ్యమే.

"ఓనరన్నా, సుత్తికి పెట్టినావు, మా బూట్లకు పెట్టవా? అవి మాత్రం పనిముట్లు కావా?" అన్నాను.

కెప్టెన్ గోతం వైపు చూశాడు. "అవునప్పా. రెండేండ్లుగా పూజ జెయ్యలా మనం. అందుకేనేమో ఓడిపోతాండేది."

"అందుకే. నేను ఇడిసిపెట్టినందుకు కాదు" అన్నాను వెంటనే. ఇంత మంచి కారణం నాకు అంతవరకూ దొరకలేదు.

ముందు కడగాలి కదా. రాయి కోసేచోట బురదను కొట్టే పెద్ద పైపు ఉంది. దాన్ని తిప్పి బూట్ల మీద పెట్టాం, సబ్బుపొడి చల్లి. నీళ్ళ దెబ్బకు చక్రాలు గిర్రున తిరిగాయి. అవి అట్లా తిరగడం అదే ఆఖరని అప్పుడు తెలియలేదు. ఆ నీళ్ళు రాయి కోసిన తొట్టిలోనివి, పాలలా తెల్లగా ఉన్నాయి. శుభమే కదా అనుకున్నాం. తర్వాత చక్రం చక్రానికీ ఇరుసు మీద పసుపు ముద్ద, దాని మీద గంధం, దాని మీద కుంకుమ. మా వాళ్ళు చేతికి వచ్చినంత పెట్టారు. ఒకడు సందుల్లోకి కూడా పోవాలని పుల్లతో కూరాడు.

నిమ్మకాయల దగ్గర చర్చ జరిగింది. జతకు ఒకటి చాలని నేను, బూటుకు ఒకటని కెప్టెన్. ఓనరు ఒప్పుకోలేదు.

"లారీకి చక్రానికొక కాయ పెట్టినాం. బూటుకు నాలుగు చక్రాలుండాయి, నాలుగు కాయలు పెట్టాలప్పా. దేవుని దగ్గర పిసినారితనం పనికిరాదు."

ఏడు జతలు, పద్నాలుగు బూట్లు, యాభై ఆరు కాయలు. అదనపు ఆటగాడు బజారంతా తిరిగి సంచితో తెచ్చాడు. అందరం బూట్లు కట్టుకుని, చక్రాల కింద కాయలు పెట్టుకుని, ఒక్కసారిగా ముందుకు కదిలాం. నేను కెప్టెన్ నడుం పట్టుకుని కదిలాను. టపటపమని చిట్లాయి. రసం, గింజలు, తొక్క పైకి ఎగిరి ఎక్కడికి చేరాలో అక్కడికి చేరాయి. తర్వాత బూట్లు విప్పి దేవుని పటం ముందు వరసగా పెట్టాం. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి, పద్నాలుగు బూట్లు పెళ్ళికూతుళ్ళలా.

సారు ఫోన్ చేశాడు. "చక్రాలకు నూనె పెట్టినారా?"

"పూజలో పెట్టేసినాం సార్. రేపు పొద్దున్నదాకా కదిలించకూడదు కదా."

ఆయన స్కూటరు కూడా ఇంటి ముందు నిమ్మకాయ తొక్కి కూర్చుని ఉంటుంది. "అదీ నిజమేలే. రేపు నేనొచ్చి ఏస్తాలే" అన్నాడు.

మరుసటి రోజు సారు ఎక్కిన రెండో బస్సు పండగ రద్దీలో చిక్కుకుంది. ఆయన షెడ్డులోకి వచ్చేసరికి హోసూరు వాళ్ళు పిచ్చుకల్లా నేలంతా తిరుగుతున్నారు, రెఫరీ నోట్లో ఈల ఉంది. పటం దగ్గర కొబ్బరికాయ కొట్టి బూట్లు తీసి అందరం కట్టుకున్నాం. కెప్టెన్ ముందుగా బయటికి వచ్చి, ఎప్పటిలాగే ఒక కాలితో నేలను తన్నాడు. రెండో కాలు జారాలి. జారలేదు. మళ్ళీ తన్నాడు. బల్ల మీద గిన్నె జరిపినట్టు కిర్రుమంది. వంగి చక్రాన్ని వేలితో తిప్పాడు. వేలు వచ్చింది, చక్రం రాలేదు.

"ఏందప్పా ఇది?"

అందరం చూసుకున్నాం. రాతి పొడి, సబ్బు, పసుపు, గంధం, నిమ్మరసం అన్నీ కలిసి రాత్రంతా ఆరి, సిమెంటులా పట్టుకున్నాయి. యాభై ఆరు చక్రాల్లో ఒక్కటీ తిరగడం లేదు. సారు నూనె డబ్బా తీసి నా బూటు మీద వంచాడు. నూనె గంధం మీద నుంచి జారి నేల మీద పడింది.

"ఎవురు రా ఈ పని జేసింది?"

నా వైపు ఎవరూ చూపించలేదు. చూపించాల్సిన అవసరం లేకపోయింది. నేనే తల వంచుకుని ఉన్నాను, అది ఆయన ఎప్పుడూ చూడని దృశ్యం. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. డబ్బా మూత నెమ్మదిగా బిగించుకుని జేబులో పెట్టుకున్నాడు.

మేము టక్కు టక్కుమని నడుచుకుంటూ నేల మీదికి పోయాం. హోసూరు కెప్టెన్ రెఫరీ దగ్గరకు పోయి ఇది కుదరదన్నాడు. రెఫరీ ఫోన్లో నియమాల కాగితం తీసి కిందిదాకా చదివాడు. ఆటగాళ్ళు చక్రాల బూట్లు ధరించాలని ఉంది. చక్రాలు తిరగాలని ఎక్కడా లేదు. ఈల వేశాడు.

నేను గోలు దగ్గరకు నడిచి, అలవాటు ప్రకారం కంబాన్ని పట్టుకున్నాను. పట్టుకున్నాక అనుమానం వచ్చింది. ఒక చేయి వదిలాను. ఏమీ కాలేదు. రెండో చేయి కూడా వదిలాను. నిలబడే ఉన్నాను. గంతు వేశాను. ఎక్కడ ఎగిరానో అక్కడే దిగాను. మూడేళ్ళలో మొదటిసారి గోలు ముందు నాకు రెండు చేతులూ ఖాళీ. వాటితో ఏం చేయాలో తెలియక కాసేపు నడుం మీద పెట్టుకున్నాను.

తొలి బిళ్ళ వచ్చింది. నేను దారి ఇవ్వలేదు. అది పొట్టకు తగిలి పడింది. రెండోది మోకాలికి. పొట్టా మోకాలూ నావే కాబట్టి సంతోషించేదానికి లేదు గానీ, నెట్టు ఖాళీగానే ఉంది. ఇదంతా పక్కన నుంచి సారు చూస్తున్నాడు. మా వాళ్ళు బిళ్ళ వెనక టక్కుటక్కుమని పరిగెత్తి అందుకోలేక రొప్పుతున్నారు. ఉన్నట్టుండి ఆయన గొంతు షెడ్డు అదిరేలా వచ్చింది.

"రేయ్, ఎవురూ పరిగెత్తొద్దు. అందరూ వెనక్కి రండి. గోలు ముందర లైనులో నిలబడండి. అటెన్షన్."

అయిదుగురూ ఎందుకని అడగలేదు. ఆ గొంతును కాళ్ళే విన్నాయి. వచ్చి నా ముందు వరస కట్టారు.

"చేతికి చేయి దూరం. కుడివైపు చూడు. సరిజెయ్యి. కర్రలు కింద. ఎవుడన్నా కదిల్తే బయట నిలబెడతా."

ముప్పై ఏళ్ళు వరండాలో ఆయన నేర్పింది ఒక్కటే, నిలబడటం. పనికిరాదని లెక్కల సారుకు ఇచ్చేసిన విద్య అది. హోసూరు వాళ్ళు అంత వేగంగా వచ్చి ఆ గోడకు తగిలి చెదిరిపోయేవారు, వాళ్ళ కాళ్ళ కింద తిరిగే చక్రాలు ఉన్నాయి కదా, ఆగలేరు. మా వాళ్ళు అంగుళం జరగలేదు, జరగలేరు. సందుల్లోంచి వచ్చినవి నాకు వచ్చేవి. "స్టాండెటీజ్" అని సారు అన్నప్పుడే మేము ఊపిరి పీల్చేది. సగం ఆట అట్లా గడిచింది, రెండో సగం కూడా దాదాపు గడిచింది. రెండు వైపులా సున్నా.

నాకు పొగరు ఎక్కింది. ఒక బిళ్ళ ఆపి, హోసూరు కెప్టెన్ చూస్తుండగా ఎడమ బూటు మడమతో నేలను గట్టిగా కొట్టాను, రమ్మన్నట్టు. టప్పుమని ఏదో విరిగింది. చూస్తే ఎర్రటి పెంకు ఒకటి నేల మీద పడి ఉంది. ఎడమ బూటు చక్రాల నుంచి గంధం ఊడిపోయింది. చక్రం మెల్లగా తిరిగింది.

కుడి కాలు నిలబడి ఉంది. ఎడమ కాలు చింతామణి వైపు బయలుదేరింది.

"సార్, తిరుగుతాండాది" అని అరిచాను.

"ఏంది రా?"

"చక్రం."

మిగతా ప్రపంచం చక్రం తిరిగితే సంతోషిస్తుంది. సారు ముఖం పాలిపోయింది. హోసూరు కెప్టెన్‌కు కూడా అర్థమైంది. బిళ్ళ తీసుకుని నా ఎడమ వైపుకు వచ్చాడు. నేను పాత స్నేహితుడైన కంబాన్ని రెండు చేతులా వాటేసుకున్నాను. కుడి బూటు నేలకు అతుక్కుని ఉంది, ఎడమది పోతూనే ఉంది. నా ఒంట్లో అంత పొడవు ఉందని నాకే తెలియదు. వాడు కొట్టాడు. బిళ్ళ మూలకు పోతోంది, నా ఎడమ కాలు కూడా అదే మూలకు పోతోంది, ఇద్దరం అక్కడ కలిశాం. బిళ్ళ బూటుకు తగిలి బయటికి పోయింది. ఆట అయిపోయిందని రెఫరీ ఈల వేసింది అప్పుడే.

కాసేపు నన్ను ఎవరూ లేపలేదు. లేపే స్థితిలో కూడా లేను, రెండు కాళ్ళ మధ్య జిల్లా సరిహద్దు ఉంది. సారు వచ్చి పక్కన కూలబడ్డాడు. నా బూటు చక్రాన్ని వేలితో తిప్పి, ఆగేదాకా చూశాడు.

"వచ్చే ఏడు కూడా ఉండాది రా మనకు" అన్నాడు.

"ఏంది సార్?"

"పీరియడ్."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కొబ్బరినీళ్ళు చింది ఉంటాయిలే అన్నాను. అవునన్నాడు.

మదనపల్లెలో బస్సు దిగి కుంటుకుంటూ ఇంటికి పోయేసరికి మా ఆవిడ సంగటి కెలుకుతోంది. కుంటడం చూసి, "ఎన్ని?" అంది, రెండేళ్ళ తర్వాత మళ్ళీ.

"సున్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా లోపలికి పోలా" అన్నాను.

తెడ్డు ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను పీట వేసుకుని కూర్చుని మొత్తం కథ చెప్పాను. పైపు నీళ్ళ నుంచి మొదలుపెట్టి, పసుపు, గంధం, యాభై ఆరు నిమ్మకాయలు, నా పొట్ట, నా మోకాళ్ళు, నా ఎడమ కాలు, ఏదీ వదల్లేదు. చెప్పేకొద్దీ బిళ్ళలు ఎక్కువయ్యాయి, హోసూరు వాళ్ళు ఎత్తు పెరిగారు. ఆమె అంతా విని, సంగటి ముద్ద చేసి పళ్ళెంలో పెట్టింది.

"అయితే నిన్ను నిలబెట్టింది నిమ్మకాయ. వచ్చే ఏడు నువ్వు ఇంట్లోనే ఉండు సామీ, ఆ గోలు కాడ ఒక నిమ్మకాయనే పెట్టేసి రమ్మని చెప్పు మీ సారుకి. అది ఇంటికొచ్చి సంగటీ అడగదు, ఇంతసేపు కతా సెప్పదు."